కోడ్ చూపించానంటుంది, తెర ఏమంటుందో చూద్దాం: విజన్ ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

సోమవారం: అసలు పని ఏంటంటే

కొత్త ప్రాజెక్టు మొదలైంది కాబట్టి డైరీ కూడా మొదలుపెడుతున్నా. విజువల్ న్యూరోసైన్స్ ల్యాబ్‌లో రిసెర్చ్ అసిస్టెంట్ అనగానే చాలామంది మెదడు స్కాన్లు, తలనిండా ఎలక్ట్రోడ్లు ఊహించుకుంటారు. అలాంటి ల్యాబులూ ఉన్నాయి, కాదనను. మా గదిలో మాత్రం ఉన్నది ఒక మానిటర్, గడ్డం ఆనించుకునే చిన్ రెస్ట్, ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, నల్లగుడ్డ కప్పిన కిటికీ, అంతే. ప్రతి చిన్న ఎల్ఈడీ మీదా నల్ల టేపు అంటించి ఉంటుంది. నా పనిలో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: మనం చూపించామనుకున్నది ఎదుటి మనిషి కంటికి నిజంగా అలాగే చేరిందా?

ఈసారి ప్రయోగం చెప్పుకోడానికి తేలిక. బూడిద రంగు తెర, మధ్యలో ఒక చుక్క. చుక్కకి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి గుండ్రటి చారల బిళ్ళలు, నలుపు తెలుపుల మధ్య గట్టి గీత లేకుండా మెత్తగా మారే చారలు. ఒక బిళ్ళ చుట్టూ మాత్రం ఇంకో పెద్ద చారల వలయం. రెండు బిళ్ళల్లో దేని చారలు ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయో చెప్పాలి. వలయం మధ్యలో ఉన్న బిళ్ళ, కాంట్రాస్ట్ (చారల్లో నలుపు తెలుపుల తేడా) రెండిటికీ సమానమే అయినా, కాస్త వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న కాంట్రాస్ట్ లోపలి కాంట్రాస్ట్‌ను తగ్గించి చూపిస్తుందని 1989 లో చబ్, స్పెర్లింగ్, సోలమన్ అనే పరిశోధకులు స్పష్టంగా చూపించారు, అప్పటినుంచి రకరకాలుగా కొలుస్తూనే ఉన్నారు. వలయంలోని చారలు బిళ్ళ చారల వాలులోనే ఉంటే ప్రభావం గట్టిగా ఉంటుంది, అడ్డంగా తిప్పితే బాగా తగ్గుతుంది.

కారణం కోసం వెతికితే మొదట తగిలేది తల వెనక భాగంలో ఉండే వీ1, చూపు సంకేతాలు మెదడు పైపొరలో మొదట చేరే ప్రాంతం. అక్కడ ఒక్కో న్యూరాన్ మన చూపులో ఓ చిన్న ముక్కకి, ఆ ముక్కలో ఓ ఫలానా వాలులో ఉన్న గీతకి స్పందిస్తుంది. ఆ ముక్క చుట్టుపక్కల కూడా అదే వాలులో చారలుంటే స్పందన తగ్గిపోతుంది. దీన్నే సరౌండ్ సప్రెషన్ అంటారు. పక్క న్యూరాన్ల ప్రభావం కొంత, పై ఏరియాల నుంచి వెనక్కి వచ్చే సంకేతాల ప్రభావం కొంత. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళలో ఈ భ్రమ బలహీనంగా ఉంటుందని డేకిన్, ఆయన సహచరులు 2005 లో చూపించాక క్లినిక్ వైపు వాళ్ళకి కూడా దీనిమీద ఆసక్తి పెరిగింది. మేం ఏ న్యూరాన్‌నీ నేరుగా కొలవడం లేదు, మనిషి నొక్కిన మీటను బట్టి లోపల ఏం జరిగి ఉంటుందో ఊహిస్తున్నాం. కాబట్టి బయట జరిగేది కనీసం కచ్చితంగా ఉండాలి, లేకపోతే ఊహ మీద ఊహ అవుతుంది.

బుధవారం: ఫోటోమీటర్

మానిటర్ ఆన్ చేసి అరగంట వదిలేశా. బ్యాక్‌లైట్ వేడెక్కి కుదురుకునేదాకా వెలుతురు మెల్లగా మారుతూనే ఉంటుంది, ఆన్ చేసిన వెంటనే కొలిచిన అంకెలు మధ్యాహ్నానికి పనికిరావు. ఈలోగా మెనూలోకి వెళ్ళి ఆపాల్సినవన్నీ ఆపేశా: డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, ఎకో మోడ్, షార్ప్‌నెస్, కంప్యూటర్‌లో రాత్రయితే తెరను పసుపు చేసే సెట్టింగ్. వీటిలో డైనమిక్ కాంట్రాస్ట్ మరీ ప్రమాదం. తెరమీద ఏ బొమ్మ ఉందో చూసుకుని బ్యాక్‌లైట్‌ను అదే పెంచుతుంది, అదే తగ్గిస్తుంది. సినిమా చూసుకోడానికి బాగుంటుందేమో గానీ, వలయం ఉన్నప్పుడో వెలుతురు, లేనప్పుడో వెలుతురు అయితే మా ప్రయోగం అక్కడితో సరి.

ఇక గామా, అంటే కంప్యూటర్ ఇచ్చిన అంకెకి తెరమీద ఎంత వెలుతురు వస్తుందో చెప్పే వంపు. కంప్యూటర్ దృష్టిలో బూడిద రంగు 0 నుంచి 255 దాకా ఉంటుంది. 128 ఇస్తే సగం వెలుతురు రావాలి కదా, రాదు. మామూలు మానిటర్ల గామా 2.2 దగ్గర ఉంటుంది, అంటే 128 కి వచ్చేది గరిష్ఠ వెలుతురులో సుమారు 22 శాతమే. ఇది మా చారల్ని ఏం చేస్తుందో కాగితం మీద లెక్క వేసి చూశా. 50 శాతం కాంట్రాస్ట్ అనుకుని 64 కీ 192 కీ మధ్య ఊగే చారలు గీశామనుకోండి, తెరమీద చీకటి చార 5 శాతం దగ్గర, వెలుగు చార 54 శాతం దగ్గర తేలతాయి. రెండిటి తేడాని రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే మైకెల్సన్ కాంట్రాస్ట్, అది ఇక్కడ 80 శాతం దాటిపోతుంది. 50 అని రాసుకుని 80 చూపించినట్టు. అంతకంటే ఘోరం ఏంటంటే, చారల సగటు వెలుతురు చుట్టూ ఉన్న బూడిద రంగు కంటే ఎక్కువైపోతుంది, అప్పుడు మనిషి కాంట్రాస్ట్ పోల్చకుండా ఏది ఎక్కువ వెలుగుతోందో చూసి కూడా జవాబు చెప్పేయొచ్చు, మనకి తెలియను కూడా తెలియదు.

అందుకని చీకట్లో కూర్చుని 0 నుంచి 255 దాకా మెట్లు మెట్లుగా ఒక్కో బూడిద రంగుకీ ఫోటోమీటర్‌తో వెలుతురు కొలవడం, ఆ అంకెలకి ఓ వంపు గీత అమర్చడం, దాన్ని తిరగేసి లుకప్ టేబుల్, అంటే ఏ వెలుతురుకి ఏ అంకె ఇవ్వాలో చెప్పే పట్టిక, తయారు చేయడం. టేబుల్ ఎక్కించాక పని అయిపోలేదు, మళ్ళీ మొదట్నుంచీ కొలవాలి. ఈసారి గ్రాఫ్ సరళరేఖలా వస్తేనే లెక్క. వచ్చింది, ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి తేదీ వేసి గోడకి అంటించా. ఈ రెండో కొలత చాలామంది వదిలేస్తారు, టేబుల్ ఎక్కించాం కదా అయిపోయిందిలే అని. డ్రైవర్ అప్‌డేట్ అయితే టేబుల్ చప్పుడు లేకుండా ఎగిరిపోవచ్చు, అందుకే ప్రతి సెషన్‌కి ముందు మూడు బూడిద రంగులైనా కొలిచి చూడడం ల్యాబ్ నియమాల్లో పెట్టించా.

బిట్ల సంగతి కూడా ఒకటుంది. 8 బిట్లతో 256 మెట్లే, అంటే మధ్య బూడిద రంగు చుట్టూ తేగలిగిన అతి చిన్న కాంట్రాస్ట్ మార్పు 0.8 శాతం దగ్గర. పరిస్థితులు అనుకూలిస్తే మనిషి 1 శాతం లోపు కాంట్రాస్ట్ కూడా పసిగడతాడు, కాబట్టి కనిపించీ కనిపించని చోట కొలిచేవాళ్ళకి 8 బిట్లు అస్సలు చాలవు. మా పని 40 శాతం దగ్గర, నడిచిపోయేదేమో. అయినా మా గ్రాఫిక్స్ కార్డూ మానిటరూ 10 బిట్లకి ఒప్పుకున్నాయి, 1024 మెట్లు దొరికాయి, ఎందుకు వదులుకోవాలి.

గురువారం: టేపు

ఇవాళ కొలత టేపుతో గడిచింది. చూపు ప్రయోగాల్లో సైజులు సెంటీమీటర్లలో ఉండవు, డిగ్రీల్లో ఉంటాయి, అంటే ఆ వస్తువు కంటి దగ్గర చేసే కోణం. కన్ను తెరకి 57 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తెరమీద 1 సెంటీమీటర్ దాదాపు 1 డిగ్రీ అవుతుంది, అందుకే ఏ పేపర్ తీసినా ఈ 57 కనిపిస్తూ ఉంటుంది. మా తెర వెడల్పు 53 సెంటీమీటర్లు, 1920 పిక్సెళ్ళు, అంటే డిగ్రీకి 36 పిక్సెళ్ళు. డిగ్రీకి రెండు చారల జతలు కావాలనుకున్నాం, ఒక్కో జతకి 18 పిక్సెళ్ళు వచ్చాయి, సరిపోతుంది. బిళ్ళలు చుక్కకి 6 డిగ్రీల దూరంలో పెట్టాం. సరౌండ్ సప్రెషన్ చూపు మధ్యలో కంటే పక్కచూపులో గట్టిగా ఉంటుంది, అందుకు.

కుర్చీ ఎత్తు మారితే తల వాలు మారుతుంది, తల వాలితే దూరం మారుతుంది. నేల మీద కుర్చీ కాళ్ళకి గుర్తులు పెట్టా.

శుక్రవారం: ఫోటోడయోడ్

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా.

బిళ్ళలు 150 మిల్లీసెకన్లు మాత్రమే కనిపించి మాయమవ్వాలి. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. కంటి పక్కన ఏదైనా కనిపిస్తే అటు చూపు దూకడానికి మామూలుగా 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఆలోపే బిళ్ళ మాయమైతే కన్ను అక్కడికి చేరేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. మా మానిటర్ సెకనుకి 120 సార్లు తెరను తిరగరాస్తుంది, ఒక్కో ఫ్రేమ్ 8.33 మిల్లీసెకన్లు, 150 కి సరిగ్గా 18 ఫ్రేములు. సైకోపై అనే ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌లో రాసిన కోడ్ ప్రతి ఫ్రేమ్‌కీ సమయం లాగ్ చేస్తుంది, లాగ్ చూస్తే అంతా బ్రహ్మాండం.

లాగ్ చెప్పేది కంప్యూటర్ అనుకున్న సమయం. తెర ఏం చేసిందో తెరనే అడగాలి. అందుకని తెర పైన ఎడమ మూలలో ఓ చిన్న తెల్ల చతురస్రం పెట్టాం, బిళ్ళలు ఉన్నంతసేపూ అది తెల్లగా, లేనప్పుడు నల్లగా. దాని మీద ఫోటోడయోడ్ అంటించి, చుట్టూ నల్ల టేపు వేసి, తీగ ఆసిలోస్కోప్‌కి, అంటే వోల్టేజ్‌ని గీతగా చూపించే పరికరానికి, కలిపాం. గోటి కంటే చిన్న వస్తువు. వెలుతురు పడితే వోల్టేజ్, పడకపోతే లేదు, దాంతో వాదించడానికేం ఉండదు.

మొదటి ట్రేస్ రాగానే అనుకోనిది కనిపించింది. తెల్లగా ఉన్నప్పుడు గీత పైకి లేచి నిలకడగా ఉండాలి, కానీ దువ్వెన పళ్ళలా నిండా గాట్లు. వేళ్ళతో తీగ కదిపాం, టేపు మార్చాం, పోలేదు. చివరికి తేలిందేంటంటే బ్యాక్‌లైట్ ఆ వెలుతురులో నిజంగానే సెకనుకి వందలసార్లు ఆగి వెలుగుతోంది. బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు చాలా మానిటర్లు నిజంగా వెలుతురు తగ్గించవు, వెలిగే సమయం తగ్గిస్తాయి, మన కంటికి అది సగటుగా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ 100 కి పెంచగానే పళ్ళు మాయం, గీత నున్నగా వచ్చింది. దాంతో ఫోటోమీటర్ పని మళ్ళీ మొదట్నుంచి, ఎందుకంటే పాత బ్రైట్‌నెస్‌కి చేసిన టేబుల్ కొత్తదానికి చెల్లదు.

రెండోది ఆలస్యం. బిళ్ళలు వచ్చాయని కోడ్ చెప్పిన క్షణానికీ ఫోటోడయోడ్ లేచిన క్షణానికీ మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది, మానిటర్ బొమ్మ అందుకుని లోపల సిద్ధం చేసుకునే టైమ్ అది. ఎప్పుడూ ఒకేలా ఆలస్యమైతే ఏ బెంగా లేదు, తీసేస్తే పోతుంది. టెన్షన్ పెట్టేది ఒక్కోసారి ఒక్కోలా వచ్చే ఆలస్యమే. ఇంకో చిన్న విషయం, తెర పై వరుస నుంచి కింది వరుసకి గీస్తూ వస్తుంది కాబట్టి మూలలో ఉన్న చతురస్రం కంటే మధ్య ఎత్తులో ఉన్న బిళ్ళలు సగం ఫ్రేమ్, అంటే 4 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తాయి. మనకి ఇది పెద్ద విషయం కాదు, ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లతో మెదడు సంకేతాలు కొలవడం) చేసేవాళ్ళకి అవుతుంది.

మూడోది అసలైన దొంగ. చాలా ట్రయల్స్‌లో (బిళ్ళలు ఒకసారి చూపించడం ఒక ట్రయల్) 18 ఫ్రేములు కచ్చితంగా ఉన్నాయి, అక్కడక్కడా మాత్రం ఒకటి ఎక్కువ, 158 మిల్లీసెకన్లు. కోడ్ లాగ్‌లో దాని జాడే లేదు! కారణం పక్క టేబుల్ మీద ఉంది: మేం ప్రయోగాన్ని గమనించుకోడానికి పెట్టుకున్న రెండో మానిటర్, అది 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 60 సార్లే, నడుస్తోంది, రెండు తెరల్నీ కలిపి చూసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యమధ్యలో మా తెరను ఓ ఫ్రేమ్ ఆపుతోంది. రెండో మానిటర్ పీకేశాం. ఆ తర్వాత గంటసేపు నడిపినా ఒక్క ఫ్రేమ్ కూడా జారలేదు.

ఈ పని చేస్తున్నప్పుడల్లా న్యూరోసైంటిస్టులు హ్యూబెల్, వీజల్ గుర్తొస్తారు. 1958 లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో పిల్లి మెదడులో ఒక న్యూరాన్‌ను పలికించడానికి గాజు స్లైడ్ల మీద చుక్కలు పెట్టి గంటలతరబడి చూపించారు, అది పెద్దగా పలకలేదు. స్లైడ్ ప్రొజెక్టర్‌లోకి దూరుస్తున్నప్పుడు మాత్రం టపటపా పేలింది. దాన్ని రేపింది చుక్క కాదు, రెటీనా మీదుగా జరిగిన స్లైడ్ అంచు నీడ, ఓ సన్నటి గీత. అక్కణ్ణుంచి మొదలైన పనికి 1981 లో నోబెల్. అందరూ దీన్ని అదృష్టం కథగా చెప్తారు, నాకు మాత్రం అది తెరమీద నిజంగా ఏముందో పట్టించుకున్నవాళ్ళ కథ. అదే గదిలో ఇంకెవరైనా ఉంటే ప్రొజెక్టర్ చప్పుడు అనుకుని వదిలేసేవాళ్ళేమో.

మరుసటి సోమవారం: ఐ ట్రాకర్

తెర సంగతి తేలింది, ఇప్పుడు కన్ను. బిళ్ళలు పక్కచూపులో పడాలంటే మనిషి మధ్య చుక్కనే చూడాలి. చుక్కనే చూడండి అని చెప్తే చూస్తారు, నిజంగానే ప్రయత్నిస్తారు, అయినా కన్ను ఆగదు. బిళ్ళ ఏ పక్క వస్తుందో ఊహించి ముందే అటు జరిగిపోతుంది. చూపు బిళ్ళ దగ్గరికి వెళ్ళిందంటే సప్రెషన్ తగ్గుతుంది, మేం కొలవాలనుకున్నదే చేజారిపోతుంది.

ట్రాకర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి కంటిపాప మధ్యభాగాన్ని, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మెరిసే చిన్న ప్రతిబింబాన్ని పట్టుకుంటుంది. కన్ను తిరిగితే ఈ రెండిటి మధ్య ఎడం మారుతుంది, దాన్నుంచి చూపు దిశ లెక్కకడుతుంది, సెకనుకి 1000 సార్లు. ముందు తొమ్మిది చుక్కలు ఒక్కొక్కటిగా చూపించి క్యాలిబ్రేట్ చేయాలి, తర్వాత అవే చుక్కలతో సరిచూసుకోవాలి. సగటు తప్పు అర డిగ్రీ లోపు ఉంటేనే ముందుకి. ఆ మాట రాయడానికి ఒక వాక్యం, చేయడానికి ఒక్కోసారి అరగంట. కళ్ళజోడు మీద దీపం మెరుపు పడి కార్నియా మెరుపుతో కలిసిపోతుంది, అప్పుడు జోడుని ముక్కుమీద కాస్త వాల్చాలి. మస్కారా ఉంటే నల్లటి రెప్పవెంట్రుకల్నే ట్రాకర్ కంటిపాప అనుకుంటుంది, కాబట్టి వచ్చేముందే మెసేజ్‌లో చెప్పేస్తాం. కొందరికి రెప్ప కాస్త వాలి ఉంటుంది, పైచుక్క చూసినప్పుడు బాగానే ఉంటుంది, కిందిచుక్క చూడగానే కంటిపాప సగం మాయం. కెమెరా కిందనుంచి పైకి చూసేట్టు పెడితే చాలావరకు నయం.

ఇంకోటి, కంటిపాప సైజు. తెర వెలుతురు మారితే పాప ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది, దాని మధ్యభాగం కూడా కొంచెం జరుగుతుంది, ట్రాకర్ అది చూసి చూపే జరిగిందనుకుంటుంది. అందుకే క్యాలిబ్రేషన్ తెర కూడా ప్రయోగంలో ఉన్న అదే బూడిద రంగులో ఉండాలి. తెల్ల తెరమీద క్యాలిబ్రేట్ చేసి బూడిద తెరమీద కొలిస్తే చూపు మొత్తం పక్కకి జరిగినట్టు వస్తుంది.

నియమం ఇలా పెట్టాం: చూపు చుక్క నుంచి 1.5 డిగ్రీ దాటితే ఆ ట్రయల్ రద్దు, అది వరుస చివరికి వెళ్ళి మళ్ళీ వస్తుంది. ఇంకా బిగించొచ్చు కదా అని సీనియర్ అడిగాడు. బిగిస్తే సగం ట్రయల్స్ పోతాయి. కదలకుండా చూస్తున్నా అనుకున్నప్పుడు కూడా కన్ను డిగ్రీ లోపు చిన్న చిన్న దూకుళ్ళు సెకనుకి ఒకటి రెండు వేస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు.

గురువారం: పైలట్

అసలు ప్రయోగానికి ముందు పరీక్షగా ల్యాబ్ వాళ్ళనే కూర్చోబెట్టి నడిపాం. వలయంలోని బిళ్ళ ఎప్పుడూ 40 శాతం కాంట్రాస్ట్, ఒంటరి బిళ్ళ మారుతుంది. ఒంటరిది ఎక్కువ అంటే తర్వాతిసారి దాన్ని తగ్గిస్తాం, తక్కువ అంటే పెంచుతాం, అలా మెట్లెక్కి దిగుతూ రెండూ సమానంగా అనిపించే చోటికి చేరుతుంది. ఇలా ఒకటి పైకి ఒకటి కిందికి వెళ్ళే స్టెయిర్‌కేస్, ఒంటరిదే ఎక్కువ అనే జవాబు సగం సార్లు వచ్చే చోట, అంటే 50 శాతం దగ్గర స్థిరపడుతుంది, మాకు కావలసింది అదే. వరుసగా మూడు సరైనవి వస్తే కిందికి, ఒక్క తప్పుకి పైకి అనే పద్ధతి సరైన జవాబులు 79.4 శాతం వచ్చే చోట ఆగుతుంది. అది సరైన జవాబు ఉండే పనులకి, ఇక్కడ కుదరదు. పైనుంచి మొదలయ్యేదీ కిందనుంచి మొదలయ్యేదీ రెండు స్టెయిర్‌కేసుల్ని కలగలిపి నడుపుతున్నాం, లేకపోతే మనిషి ధోరణి పట్టేస్తాడు.

ఇక్కడ అసలు చిక్కు మొగ్గు. ఏది తేల్చుకోలేనప్పుడు మనిషి ఏదో ఒకటి నొక్కాలి కదా, అప్పుడు చాలామంది అలవాటుగా ఒంటరి బిళ్ళ వైపో, వలయం వైపో వాలతారు. ఆ వాలు కూడా గ్రాఫ్‌లో సప్రెషన్ లాగే కనిపిస్తుంది! ఎంత కన్ను, ఎంత నిర్ణయం అనేది విడదీయాలంటే సగం బ్లాకుల్లో (ట్రయల్స్ గుంపుల్లో) ‘ఏది ఎక్కువ’ అని, మిగతా సగంలో ‘ఏది తక్కువ’ అని అడగాలి. ఊరికే ఒంటరి బిళ్ళ నొక్కే అలవాటున్నవాళ్ళకి రెండు ప్రశ్నల్లో ఫలితం ఎదురెదురు దిక్కులకి జరుగుతుంది, నిజంగా వెలిసిపోయి కనిపించేవాళ్ళకి రెండిట్లో ఒకటే వస్తుంది. మేడమ్‌కి ఇది చెప్తే సెషన్ పొడవు రెట్టింపవుతుందని మొహం చిట్లించారు, పైలట్ గ్రాఫులు చూశాక సరే అన్నారు.

తర్వాత: మనుషులు

ఎథిక్స్ అనుమతి, సమ్మతి పత్రం, చూపు పరీక్ష, మూర్ఛ ఉందా అనే ప్రశ్న. చివరిది చాలా ముఖ్యం, గట్టి నలుపు తెలుపు చారలు కొందరిలో మూర్ఛ తెప్పించగలవు, ఉందంటే వాళ్ళని తీసుకోం. పేర్లు ఏ ఫైల్లోనూ ఉండవు, నంబర్లే. ఇవన్నీ రోజూ జరిగేవే, ఇంతకంటే రాయడానికేం లేదు.

రాయాల్సింది వచ్చినవాళ్ళ ఓపిక గురించి. చీకటి గదిలో గడ్డం స్టాండు మీద పెట్టి చుక్కనే చూస్తూ గంటసేపు మీటలు నొక్కడం చిన్న విషయం కాదు. మామూలు ప్రయోగాల్లో సరైన జవాబుకి చిన్న శబ్దం వస్తుంది, ఇందులో రాదు. అది చాలామందిని ఇబ్బంది పెడుతుంది.

"కరెక్టో కాదో చెప్పరేంటండీ?" అని ఒకాయన విరామంలో అడిగాడు.

"ఇందులో కరెక్టు, తప్పు లేవండీ. మీకెలా కనిపిస్తే అదే నొక్కండి."

"అలాగైతే నేను ఎలా నొక్కినా మీకు ఒకటేనా?"

భలే ప్రశ్న. ఒకటే కాదు, కానీ ఎందుకు కాదో ఆయనకి అప్పుడే చెప్తే మిగతా సెషన్ పాడవుతుంది. అన్నీ అయ్యాక చెప్తానన్నా, చెప్పా కూడా. స్కేలు పెట్టి చూపిస్తే తప్ప రెండు బిళ్ళలూ ఒకటే అని నమ్మనన్నాడాయన, స్కేలుతో కాంట్రాస్ట్ కొలవలేం కదా, చివరికి వలయాన్ని నల్ల కాగితంతో కప్పి చూపించాల్సి వచ్చింది.

విరామం ఎప్పుడు కావాలో వాళ్ళనే నిర్ణయించుకోమంటే ఎవరూ తీసుకోరు, త్వరగా అయిపోవాలని పరిగెడతారు, చివరి బ్లాకులు చెత్తగా వస్తాయి. ఇప్పుడు విరామం కోడ్‌లోనే పెట్టేశాం, నిమిషం దాటేదాకా మీట పనిచేయదు.

బుధవారం: ఎడమ వైపు వాలు

మొదటి బ్యాచ్ డేటా. ముడి ఫైళ్ళని చదవడానికి మాత్రమే వీలయ్యేలా లాక్ చేసి, కాపీ మీద పని మొదలుపెట్టా. ఎవర్ని తీసేయాలో నియమాలు డేటా చూడకముందే రాసిపెట్టుకున్నాం, చూశాక రాసుకునే నియమాలకి విలువ లేదు. ప్రతి మనిషికీ జవాబుల మీద ఎస్ ఆకారపు వంపు అమర్చడం, అది 50 శాతం దాటే చోటు చూడడం. వంపు పైకొసా కిందికొసా కచ్చితంగా 100 కీ 0 కీ అంటుకోవాలని బలవంతం చేయకూడదు, ఎంత శ్రద్ధగలవాళ్ళైనా ఒక్కోసారి రెప్పవేసి గుడ్డిగా నొక్కుతారు. ఆ కాస్త చోటు వదలకపోతే ఒకటి రెండు పొరపాటు నొక్కుళ్ళు వంపు వాలునంతా లాగేస్తాయి, 2001 లో విక్‌మన్, హిల్ దీన్నే వివరంగా చూపించారు.

ఫలితం దిక్కు అనుకున్నట్టే ఉంది: అదే వాలు వలయంతో సమానం అనిపించే చోటు 40 కంటే బాగా కిందికి జరిగింది, అడ్డ వలయంతో కొంచెమే. ‘ఎక్కువ’, ‘తక్కువ’ ప్రశ్నలు రెండిట్లోనూ దాదాపు అదే. కానీ వలయమే లేని కంట్రోల్ బ్లాకుల్లో, రెండు ఒంటరి బిళ్ళలు సమానంగా ఉన్నప్పుడు, దాదాపు అందరూ ఎడమదాన్నే ఎక్కువసార్లు ఎంచుకున్నారు.

మనుషుల్లో సహజంగానే ఎడమవైపు కాస్త మొగ్గు ఉండొచ్చు, సూడోనెగ్లెక్ట్ అని దానికో పేరే ఉంది. సీనియర్ అదే అయ్యుంటుందన్నాడు, వైపులు ఎలాగూ కలగలిపే చూపిస్తున్నాం కాబట్టి సగటులో కొట్టుకుపోతుంది, వదిలేయమన్నాడు. నిజమే, కొట్టుకుపోతుంది. కానీ అంతమందిలో అంత ఒకేలా ఉండడం నాకు మనుషుల లక్షణంలా అనిపించలేదు. మనుషులు ఇంత క్రమశిక్షణగా ఉండరు.

తెరను ఎప్పుడూ దగ్గరగా, ఎదురుగా, మధ్యలో కొలుస్తారు, పద్ధతి అదే. ఈసారి స్పాట్ ఫోటోమీటర్‌ని చిన్ రెస్ట్ మీద, సరిగ్గా కన్ను ఉండే చోట పెట్టి, అక్కణ్ణుంచి ఎడమ బిళ్ళ చోటునీ కుడి బిళ్ళ చోటునీ కొలిచా. ఒకే 40 శాతం చార కుడివైపు కాస్త తక్కువ కాంట్రాస్ట్‌తో వస్తోంది. మాది వీఏ ప్యానెల్, పక్కనుంచి చూస్తే వెలిసిపోయినట్టు కనిపించే రకం. మానిటర్ స్టాండు మీద, కూర్చున్నవాళ్ళ కుడికి కొద్దిగా తిరిగి ఉంది, ఎంత కొద్దిగా అంటే కంటికి ఆనదు. దాంతో ఎడమ బిళ్ళను దాదాపు ఎదురుగా, కుడి బిళ్ళను ఏటవాలుగా చూస్తున్నారు. నిర్ధారించుకోడానికి మానిటర్‌ని కావాలనే రెండో పక్కకి అంతే తిప్పి సీనియర్‌నే కూర్చోబెట్టా. ఆయన మొగ్గు కుడికి మారిపోయింది. మీట నొక్కుతున్నది తనే కాబట్టి వాదించలేకపోయాడు.

సరిచేయడం తేలికే. తెర మధ్యలో ఓ చిన్న అద్దం బోర్లా కాకుండా వెల్లకిలా తెరకి ఆనించి పట్టుకోవాలి, చిన్ రెస్ట్ మీద గడ్డం పెట్టి చూసినవాళ్ళకి అద్దం మధ్యలో తమ ముక్కే కనిపించాలి. కనిపించేదాకా మానిటర్ తిప్పాలి. కనిపించాక స్టాండు స్క్రూ బిగించి, కదలకుండా గట్టి టేపు వేసేశా. తర్వాత కొలిస్తే రెండు వైపులా ఒకటే.

ఆ తర్వాత కూడా కొందరిలో ఎడమ మొగ్గు కాస్త మిగిలింది, ఒకరిద్దరిలో కుడి మొగ్గు ఉంది. అదీ మనుషుల పద్ధతి. అది సగటులో కలిసిపోతుంది, దాని జోలికి నేను వెళ్ళను.

శుక్రవారం: ఇక ముందు

పాత బ్యాచ్ ఏం చేయాలన్న దానిమీద మేడమ్‌తో చాలాసేపు కూర్చున్నాం. వైపులు సమానంగా పంచాం కాబట్టి సగటు నిలబడుతుంది, అయితే వంపుల వాలు అనవసరంగా పలచబడి ఉంటుంది, ఎందుకంటే ఒకే అంకె కింద రెండు వేర్వేరు కాంట్రాస్టులు కలిసిపోయాయి. ఆ బ్యాచ్‌ని ముఖ్య ఫలితంలో కలపకుండా విడిగా, తిరిగి ఉన్న మానిటర్ సంగతి ఉన్నదున్నట్టు రాసి, చూపిద్దామని తేల్చాం. కొత్తవాళ్ళతో మళ్ళీ మొదలు.

అద్దం పరీక్ష సెషన్ ముందు లిస్టులో చేరింది, మూడు బూడిద రంగుల కొలత పక్కనే. ఫోటోడయోడ్‌ని ఇక పీకను, మూలలో అలాగే ఉంచి ప్రతి ట్రయల్ ట్రేస్‌నీ ఫైల్లోకి రాయిస్తున్నా, డిస్కులో చోటు తింటుందని సీనియర్ గొణుగుతున్నాడు. వలయానికీ బిళ్ళకీ మధ్య చిన్న ఖాళీ వదిలితే సప్రెషన్ ఎంత తగ్గుతుందో చూడాలని మేడమ్ అంటున్నారు, దానికి కొత్త కోడ్ రాయాలి. అంతకంటే ముందు ట్రాకర్ కెమెరా స్టాండు మార్చాలి, రెప్ప వాలి ఉన్నవాళ్ళ కోసం ఇంకాస్త కిందికి దిగేది కావాలి. సోమవారం మొదటి సెషన్.